గిటార్‌కి నూనె పట్టించడం ఎలా

సముద్రపు గాలి తగిలే ఊళ్లో గిటార్ వాయించేవాళ్లకి ఈ ఇబ్బంది తెలిసిందే. ఎండాకాలం వచ్చిందంటే నెక్ వెనక, అంటే చేత్తో పట్టుకునే పొడవాటి మెడ వెనక, బొటనవేలు జారదు. చెమట పట్టిన అరచెయ్యి ఆ మెరిసే పాలిష్‌కి అతుక్కుపోతుంది. పాట మధ్యలో పై ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల) వైపు వెళ్లాలంటే చెయ్యి ఊడదీసుకుని వెళ్లాల్సి వస్తుంది. మాది కాకినాడ. చర్చిలో ఆదివారం ఆరాధనకి గిటార్ వాయిస్తాను, మా కుర్రాళ్ల గిటార్లు ఇంటి దగ్గర బాగుచేసి పెడతాను. మా నాన్న వడ్రంగి. చెక్కకి నూనె పట్టించడం ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే, గిటార్‌కి తగ్గట్టు కాస్త మార్చుకున్నానంతే. నూనె పట్టించిన నెక్ పొడిగా, నునుపుగా ఉంటుంది. మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండదు కాబట్టి చేతికి చెక్కే తగులుతుంది. దీనికి అలవాటు పడ్డాక మళ్లీ మెరిసే నెక్ పట్టుకోబుద్ధి కాదు.

ఈ పనికి స్ప్రే గన్ అక్కర్లేదు, కంప్రెసర్ అక్కర్లేదు. పాత బనియన్ గుడ్డలు, ఎమరీ పేపర్, ఒక సీసా నూనె, రెండు వారాల ఓపిక ఉంటే చాలు. అయితే మొదటే ఒక మాట చెప్పాలి. నూనె పూయడం ఎవరికైనా వస్తుంది, తుడవడమే రాదు. పైన మిగిలిన నూనెనంతా తుడిచేసి, లోపలికి ఇంకింది గట్టిపడేదాకా ఆగడమే ఇందులో అసలు పని. జిడ్డు వదలని గిటార్ నా దగ్గరికి ఏది వచ్చినా కారణం ఈ రెండిట్లో ఒకటే: సరిగ్గా తుడవకపోవడం, లేదా రెండో కోటుకి తొందరపడటం.

ఏ గిటార్‌కి చెయ్యొచ్చు, దేనికి కూడదు

సాలిడ్ బాడీ (లోపల బోలు లేని) ఎలక్ట్రిక్ గిటార్, బేస్ గిటార్, వాటి నెక్‌లు. వీటికి నిశ్చింతగా చెయ్యొచ్చు. మ్యూజిక్ మ్యాన్ కంపెనీ గిటార్ల నెక్‌లకి తుపాకీ కర్రలకి రాసే నూనె, మైనమే పట్టిస్తారు. వార్విక్ బేస్‌ల మీద కూడా నూనె, మైనం పాలిష్ చూస్తాం. అంటే ఇది ఇంట్లో చేసుకునేవాళ్ల సర్దుబాటు కాదు, మంచి గిటార్లకి వాడే పద్ధతే.

అకూస్టిక్ గిటార్ పై పలకకి మాత్రం దయచేసి నూనె పెట్టకండి. ఆ పలక మందం మూడు మిల్లీమీటర్ల లోపే. అది కంపిస్తేనే శబ్దం. నూనె తాగి బరువెక్కితే కంపనం మందగిస్తుంది, ఒకసారి ఇంకిన నూనెని వెనక్కి తీయడం ఎవరి తరం కాదు. మేలైన క్లాసికల్ గిటార్లకి లక్కతో ఫ్రెంచ్ పాలిష్‌ని అంత పల్చగా పెట్టేది అందుకే. అకూస్టిక్ అయితే నెక్ వెనక వరకు చేసుకుని ఆపేయండి. ఎలక్ట్రిక్‌కి ఆ బెంగ లేదు, అక్కడ శబ్దం సంగతి తీగలు, వాటి కంపనాన్ని పట్టుకునే అయస్కాంతపు పికప్‌లు చూసుకుంటాయి. నూనె పెడితే టోన్ పెరుగుతుందని చెప్పేవాళ్ల మాట కూడా పట్టించుకోనక్కర్లేదు. మనం చేసేది చేతి కోసం, కంటి కోసం.

షాపులో కొన్న గిటార్ అయితే ముందు చిన్న పరీక్ష. వేలితో ఒక నీటి బొట్టు పెట్టి ఐదు నిమిషాలు చూడండి. బొట్టు గుండ్రంగా అలాగే నిలబడిందంటే పైన పాలీయురెథేన్ లాంటి పొర ఉంది. దాని మీద నూనె రాస్తే ఇంకదు, జిడ్డుగా మిగిలిపోతుంది. బొట్టు పరుచుకుని చెక్క రంగు ముదిరితే లోపలికి దారి ఉన్నట్టు. చవక గిటార్ల మీద ఆ పొర బాగా మందంగా ఉంటుంది, గోకడానికి రోజులు పడుతుంది. అంతా గోకాక లోపల అందమైన చెక్క ఉంటుందన్న హామీ కూడా లేదు. నాలుగైదు ముక్కలు అతికించి ఉండొచ్చు, ప్లైవుడ్ ఉండొచ్చు, పైన కాగితమంత పల్చటి వెనీర్ ఉండొచ్చు. వెనీర్ అయితే ఎమరీ పేపర్ నాలుగు సార్లు ఎక్కువ తిరిగితే చాలు, చిరుగుతుంది. కాబట్టి రంగు వేసిన చవక గిటార్‌కి నా సలహా ఇది. బాడీ జోలికి వెళ్లకండి. నెక్ వెనక మెరుపుని మాత్రం 600 నంబర్ ఎమరీ పేపర్‌తో (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), తర్వాత స్కాచ్‌బ్రైట్‌తో పొడవునా రుద్ది మెరుపు చంపండి. అరగంట పని. చెమట బాధ దాంతోనే చాలా వరకు పోతుంది, నూనెతో అవసరమే పడకపోవచ్చు.

పచ్చి చెక్కతో వచ్చే కిట్ గిటార్లు, వడ్రంగి దగ్గర చేయించుకున్న బాడీలు నూనెకి బాగా కుదురుతాయి. ఇక్కడ నేను చెప్పబోయేదంతా ఒక టేకు బాడీ ఆధారంగా చెబుతున్నాను. పాత కలప అడితిలో కొన్న ద్వారబంధం చెక్క అది. చేవదేరిన టేకు. మూడు ముక్కలు అతికించి, పావు తక్కువ రెండంగుళాల మందంతో బాడీ కోయించాం. నెక్ మేపుల్ చెక్కది, విడిగా కొన్నాం.

ఏ నూనె

ఆ గిటార్ ఎవరి కోసం చేశామో ఆ కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

"అన్నా, కొబ్బరినూనె ఇంట్లోనే ఉంది కదా, అది రాసేస్తే పోలా?"

"పోదు తమ్ముడూ. అది ఎన్నేళ్లకీ ఆరదు."

నమ్మకం కుదరాలని ఒక గాజు ముక్క మీద కొబ్బరినూనె చుక్క ఒకటి, హార్డ్‌వేర్ షాపులో తెచ్చిన అవిసె నూనె చుక్క ఒకటి పల్చగా పామి కిటికీలో పెట్టమన్నాను. మీరూ చేసి చూడండి. కొన్నాళ్లకి అవిసె నూనె వేలికి అంటుకోని పొరగా మారుతుంది, గోటితో గీస్తే ముడత పడి లేస్తుంది. కొబ్బరినూనె పెట్టింది పెట్టినట్టే తడిగా, దుమ్ము అంటించుకుని ఉంటుంది.

కారణం సులువైనదే. అవిసె నూనె ఆరడమంటే ఆవిరైపోవడం కాదు. గాలిలో ఉన్న ఆక్సిజన్‌ని పట్టుకుని, నూనె అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పదార్థంగా మారతాయి. అలా ముడిపడే గుణం అవిసె, టంగ్, అక్రోట్ నూనెలకి ఉంది. కొబ్బరినూనెకి లేదు, వేరుశనగ నూనెకి లేదు, ఆలివ్ నూనెకీ లేదు. నువ్వుల నూనె మధ్యస్తం, దాన్నీ నమ్ముకోకూడదు. వంటింట్లో ఉన్న ఏ నూనే ఈ పనికి రాదని గుర్తుపెట్టుకుంటే చాలు.

అవిసె నూనెలో మళ్లీ రెండు రకాలు. క్రికెట్ బ్యాట్‌కి రాయడానికి స్పోర్ట్స్ షాపులో చిన్న సీసాల్లో అమ్మేది పచ్చి నూనె. బ్యాట్‌కి అది సరైనదే, కానీ గిటార్‌కి రాస్తే ఒక్కో కోటు ఆరడానికి వారాలు పడుతుంది. ఆరోగ్యానికి తాగమని అమ్మే అవిసె నూనెదీ అదే దారి. మనకి కావలసింది పెయింట్ షాపులో దొరికే బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్, కొందరు డబుల్ బాయిల్డ్ అంటారు. పేరు అలా ఉన్నా ఇప్పుడు దాన్ని ఎక్కువగా ఉడికించడం ఉండదు, త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల సమ్మేళనాలు కలుపుతారు. అందుకే దాన్ని నోటికి, పిల్లల చేతికి దూరంగా పెట్టాలి.

టంగ్ ఆయిల్ చైనా నుంచి వచ్చిన చెట్టు గింజల నూనె. నీటిని అవిసె కన్నా బాగా ఆపుతుంది, పసుపు రంగు తక్కువ తేలుతుంది, బూజుకి అంత లొంగదు. మన తీరప్రాంతంలో ఈ మూడో గుణం చాలా ముఖ్యం. వానాకాలంలో తేమకి అవిసె నూనె పాలిష్ మీద బూజు మచ్చలు రావడం మామూలే. డబ్బు పెట్టగలిగితే స్వచ్ఛమైన టంగ్ ఆయిల్ కొనండి. డబ్బా మీద "టంగ్ ఆయిల్ ఫినిష్" అని ఉంటే మాత్రం అందులో ఏముందో చదవండి, చాలాసార్లు అది పల్చటి వార్నిష్. వార్నిష్ కలిసిన డేనిష్ ఆయిల్, ట్రూ ఆయిల్ లాంటివి త్వరగా ఆరతాయి, కాస్త మెరుపు వస్తుంది, మొదటిసారి చేసేవాళ్లకి అవి సులువు. టేకు బాడీకి నేను వాడింది బాయిల్డ్ అవిసె నూనె. మేపుల్ నెక్‌కి టంగ్ ఆయిల్. మేపుల్ తెల్లగా ఉంటుంది కాబట్టి అవిసె నూనెతో పసుపుపచ్చగా మారిపోతుంది. అది నచ్చేవాళ్లూ ఉన్నారు.

పల్చన చెయ్యడానికి టర్పెంటైన్ ఒక చిన్న డబ్బా. చేతులకి గ్లోవ్స్.

నూనె గుడ్డల గురించి, పని మొదలుపెట్టకముందే

ఈ భాగం దాటేయకండి. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గిటార్ మీద పల్చగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. అదే నూనె తడిసిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. వేడికి నూనె ఇంకా వేగంగా గట్టిపడుతుంది, దాంతో ఇంకా వేడి. కొన్ని గంటల్లో గుడ్డ పొగలు కక్కి దానంతటదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. 22వ అంతస్తులో చెక్క పనివాళ్లు వదిలి వెళ్లిన అవిసె నూనె గుడ్డలతో మొదలైన మంట అది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ భవనం మళ్లీ వాడుకలోకి రాలేదు, చివరికి కూలగొట్టారు.

మన ఎండలకి ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. కాబట్టి వాడిన ప్రతి గుడ్డనీ అప్పటికప్పుడే ఆరుబయట తీగ మీద ఒంటి పొరగా పరిచి ఆరెయ్యండి, పక్కన గడ్డివాము, ఎండుటాకులు, ప్లాస్టిక్ లేకుండా చూసుకోండి. అట్టముక్కలా బిగుసుకున్నాక చెత్తలో వెయ్యొచ్చు. తీగ మీద వేసే వీలు లేకపోతే మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లు పోసి అందులో ముంచెయ్యండి. బకెట్లో బట్టల మధ్య పడేయడం, కవర్లో కట్టి తలుపు వెనక పెట్టడం, స్కూటీ డిక్కీలో వెయ్యడం, ఇవేవీ వద్దు. మా ఇంట్లో గుడ్డ తీగెక్కాకే నా చేతులు కడుక్కుంటాను.

చెక్క తయారీ

తుది రూపంలో మూడొంతులు ఇక్కడే తేలుతుంది. రంగు వేస్తే చిన్నచిన్న గీతలు కప్పుకుపోతాయి, నూనె వాటిని ఇంకా ఎత్తి చూపిస్తుంది.

ముందు సామాన్లన్నీ విప్పండి. తీగలు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం), పికప్‌లు, ట్యూనింగ్ కీస్, స్ట్రాప్ బటన్లు. విప్పేముందు వైర్ల కనెక్షన్లని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బ్రిడ్జ్ కిందికి వెళ్లే ఎర్త్ వైర్ ఒకటి ఉంటుంది, అది మరవకూడదు, తిరిగి బిగించేటప్పుడు వదిలేస్తే ఆంప్‌లో హోరు వస్తుంది. మరలన్నీ ఒక్కో కవర్లో వేసి పేరు రాసుకోండి.

సొట్టలు ఉంటే ఇప్పుడే లేపాలి. సొట్ట మీద తడి గుడ్డ ముక్క పెట్టి, దాని మీద వేడి ఇస్త్రీ పెట్టె మొనని ఆనించండి. బుస్సుమని ఆవిరి వస్తుంది. నలిగిన నార ఆవిరికి ఉబ్బి పైకి లేస్తుంది. ఒకసారికి లేవకపోతే మళ్లీ తడిపి మళ్లీ ఆనించండి. నార తెగిపోయిన లోతు గాటు దీంతో పోదు, నలిగినవి మాత్రం ఆశ్చర్యంగా పోతాయి. అతుకు మీద మాత్రం ఇస్త్రీ పెట్టెని ఎక్కువసేపు ఉంచకండి, వేడికి ఫెవికాల్ మెత్తబడుతుంది.

ఎమరీ పేపర్ 120తో మొదలుపెట్టి 180, 220, 320 వరకు. చదునుగా ఉన్నచోట పేపర్‌ని చిన్న చెక్కముక్కకి చుట్టి రుద్దండి, వేళ్లతో రుద్దితే పల్లాలు పడతాయి. ఎప్పుడూ చెక్క గీతల దారిలోనే, అడ్డంగా వద్దు. ఒక్కో నంబర్ అయ్యాక గది లైటు ఆపి ఫోన్ టార్చిని చెక్కకి ఆనించినట్టు పక్క నుంచి వెయ్యండి. పై నుంచి కనపడని గీతలన్నీ నీడలు వేసి బయటపడతాయి. అవి పోయేదాకా తర్వాతి నంబర్‌కి వెళ్లకూడదు. 120 గీత మిగిలితే 320తో అది పోదు, ఎంత రుద్దినా మన ఓపికే పోతుంది. అలాగని 600, 800 దాకా వెళ్లడం కూడా మంచిది కాదు, చెక్క ముఖం మూసుకుపోయి నూనె తక్కువ తాగుతుంది.

టేకు పొడి ముక్కుకి, చర్మానికి పడదు. ఎన్95 మాస్క్ పెట్టుకోండి. రోజ్‌వుడ్ పొడి ఇంకా ఎక్కువ దురద పెడుతుంది.

320 అయ్యాక గట్టిగా పిండిన తడి గుడ్డతో బాడీనంతా ఒకసారి తుడవండి. ఆరాక చెయ్యి పెట్టి చూస్తే మళ్లీ గరుకు తగులుతుంది. అణిగి ఉన్న నార నీళ్లకి లేచి నిలబడుతుంది. దాన్ని 320తో చాలా తేలిగ్గా, బరువు పెట్టకుండా కోసెయ్యండి. ఈ పని ఇప్పుడు చేస్తే రేపు చెమట తగిలినప్పుడు నార లేవదు. నెక్‌కి దీన్ని రెండుసార్లు చెయ్యడం మంచిది.

అతుకుల దగ్గర ఒకసారి చూసుకోవాలి. ఫెవికాల్ పొంగి ఆరిన చోట నూనె ఇంకదు, పాలిపోయిన మచ్చ మిగిలిపోతుంది. పచ్చి చెక్క మీద ఆ మచ్చ కనపడదు. టర్పెంటైన్ గుడ్డతో తుడిస్తే చెక్కంతా ముదురు రంగుకి మారి, జిగురు ఉన్నచోట మాత్రం లేతగా తేలుతుంది. మా టేకు బాడీలో రెండో అతుకు వెంబడి గోరంత వెడల్పు చార ఒకటి ఇలాగే బయటపడింది, గీకి మళ్లీ 220 నుంచి వచ్చాం. పాత మేకు దిగిన చోట నల్లమచ్చ మాత్రం ఉండనిచ్చాం. ఏళ్ల తరబడి గుమ్మంలో నిలబడిన చెక్క, ఆ గుర్తు ఉంటే తప్పేంటి.

టేకుకి అదనంగా ఒక పని ఉంది. దానిలో సహజంగానే నూనె ఉంటుంది, అది మనం పెట్టే నూనెకి అడ్డు పడుతుంది. పూత మొదలుపెట్టేముందు అసిటోన్‌తో గానీ థిన్నర్‌తో గానీ గుడ్డ తడిపి గట్టిగా తుడవండి, గుడ్డకి పసుపు దిగుతుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా. తుడిచిన గంటలోపే మొదటి కోటు పడాలి, ఆలస్యమైతే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. రోజ్‌వుడ్‌తో ఈ బెడద ఇంకా ఎక్కువ. దాని మీద నూనె పాలిష్ ఆరక విసిగిస్తుంది, ఆ చెక్కకి లక్క పాలిష్ నయం.

నెక్ కూర్చునే గుంతని మాస్కింగ్ టేప్‌తో మూసెయ్యండి. అక్కడ చెక్క చెక్కకి బిగుసుకోవాలి, నూనె అక్కర్లేదు. నేనైతే ఆ గుంతలో అడుగు పొడవు కర్రముక్కని నెక్ మరల రంధ్రాల్లోంచే బిగిస్తాను. పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది, చివర రంధ్రం పెడితే తీగతో వేలాడదీసుకోవచ్చు.

పూత

రోజు చూసుకోండి. సంక్రాంతి వెళ్లాక శివరాత్రి దాకా మా వైపు ఈ పనికి బంగారంలాంటి కాలం, గాలిలో తేమ తక్కువ, ఎండ మితం. ముసురు పట్టిన రోజుల్లో, తుపాను హెచ్చరికలు నడిచే అక్టోబర్, నవంబర్‌లో మొదలుపెట్టొద్దు. హైదరాబాద్ వైపు వాళ్లకి వానాకాలం తప్ప మిగతా ఏడాదంతా ఫర్వాలేదు.

మొదటి కోటుకి నూనె, టర్పెంటైన్ సగం సగం. గుడ్డని అందులో ముంచి ధారాళంగా పట్టించండి. మొదటి తడి తగలగానే పాలిపోయిన టేకు ఒక్కసారిగా తేనె రంగులోకి తిరుగుతుంది, గీతలు లేచి కనపడతాయి. ఆ క్షణం కోసమే నేను ఈ పని చేస్తానని చెప్పినా తప్పు లేదు. గిటార్ కొమ్ముల చివర, కింద అంచున కోత మొహం, అంటే నారని అడ్డంగా కోసిన వైపు, ఉంటుంది. అక్కడ చెక్క గటగటా తాగేస్తుంది, పొడిబారిన చోటల్లా మళ్లీ పెట్టండి. ఇరవై నిమిషాలు ఆగి, ఇంక తాగడం లేదనిపించాక, పొడి గుడ్డతో మొత్తం తుడవండి. గుడ్డ తడిసిపోతే మార్చండి. ఆఖరి గుడ్డకి నూనె అంటకూడదు. కొత్త కాగితం ముక్క ఆనిస్తే మరక పడకూడదు. నేను తుడవడమంటున్నది ఇదే.

అంతటితో వదిలేసి వెళ్లకండి. టేకు, మహాగని లాంటి రంధ్రాల చెక్కలు తాగిన నూనెని కాసేపటికి చెమటలా చిన్నచిన్న బొట్లుగా బయటికి వదులుతాయి. మొదటి రెండు గంటలు పావుగంటకోసారి వచ్చి తుడవండి. అలా వదిలేస్తే తెల్లారేసరికి మెరిసే చుక్కలుగా బిగుసుకుంటాయి. ఎండలో పెడితే ఈ బొట్లు ఇంకా ఎక్కువ వస్తాయి, అందుకే నీడలో, గాలి ఆడేచోట వేలాడదీయాలి.

ఎండిందో లేదో చూడటానికి గంటలు లెక్కపెట్టుకోవడం కన్నా చేతి వెనక భాగం ఆనించడం మేలు. చల్లగా, కాస్త పట్టినట్టు అనిపిస్తే ఇంకా కాలేదు. పొడి గుడ్డ ఆగకుండా జారితే అయినట్టు. మామూలుగా ఒక రోజు చాలు, మా ఊరి తేమకి రెండు రోజులు కూడా పడుతుంది. టంగ్ ఆయిల్ ఇంకా నెమ్మది. ఎక్కడైనా జిగటగా మిగిలితే దాని మీద మళ్లీ నూనె పెట్టొద్దు. టర్పెంటైన్ గుడ్డతో ఆ జిగటని కరిగించి తుడిచేసి, ఇంకో రెండు రోజులు వదిలెయ్యండి.

రెండో కోటుకి రెండు వంతుల నూనెకి ఒక వంతు టర్పెంటైన్. మూడో కోటులో టేకుకి ఒక చిన్న ఉపాయం ఉంది. నూనె పెట్టి తడిగా ఉండగానే 400 నంబర్ వాటర్ పేపర్‌తో గీతల దారిలో రుద్దండి. చెక్కపొడి నూనెలో కలిసి గోధుమరంగు ముద్దలా అవుతుంది. అదే రంధ్రాల్లోకి దిగి వాటిని పూడుస్తుంది, ఆ చెక్కదే పొడి కాబట్టి రంగు తేడా రాదు. పది నిమిషాలు ఆగి గీతలకి అడ్డంగా తుడవండి. తుడవడంలో అడ్డంగా వెళ్లేది ఇదొక్కచోటే, పొడవునా తుడిస్తే రంధ్రాల్లో దిగింది గుడ్డతో పాటు వచ్చేస్తుంది. దీన్ని రెండు, మూడు రోజులు ఆరనివ్వండి.

తర్వాతి కోట్లు అసలు నూనెతోనే, కానీ చాలా పల్చగా. బాడీ మొత్తానికి రెండు మూడు చెంచాల కన్నా పట్టకూడదు. కోటుకి కోటుకి మధ్య తెల్ల స్కాచ్‌బ్రైట్‌తో తేలిగ్గా రుద్ది పొడి తుడవండి. స్టీల్ ఊల్ వాడమని చాలామంది చెబుతారు. గిటార్‌కి దాన్ని దగ్గరికి రానివ్వొద్దు. తెగిపడిన ఇనుప నలుసులు పికప్ అయస్కాంతాలకి వెళ్లి అతుక్కుంటాయి, తీయడం నరకం. బాడీకి మొత్తం ఐదారు కోట్లు, నెక్‌కి మూడు నాలుగు. నెక్‌కి ఎక్కువ కోట్లు పెడితే మెరుపు తేలి మళ్లీ మొదటి బాధే వస్తుంది. మేపుల్ ఫ్రెట్‌బోర్డ్ (నెక్ ముందు వేళ్లతో నొక్కే పలక) అయితే మాత్రం నూనెని నమ్ముకోకండి, వేళ్లు తగిలే చోట మురికి దిగి బూడిద రంగుకి తిరుగుతుంది. అక్కడ ఉన్న పాలిష్‌ని అలాగే ఉంచండి. హెడ్‌స్టాక్ (నెక్ చివర ట్యూనింగ్ కీస్ ఉండే తల) మీద పేరు స్టిక్కర్ ఉంటే దాన్నీ రుద్దకండి.

మైనం, బిగింపు

ఆఖరి కోటు అయ్యాక కనీసం వారం ఆగండి. పైకి ఆరినా లోపల పూర్తిగా గట్టిపడటానికి నెల పడుతుంది. ఆ నెలంతా గిటార్‌ని బ్యాగ్‌లో గానీ హార్డ్ కేస్‌లో గానీ మూయొద్దు. గాలి తగలక జిగటెక్కుతుంది, వానాకాలమైతే బూజు కూడా పడుతుంది. గోడకి తగిలించి ఉంచండి.

బాడీకి తేనెమైనం అందంగా ఉంటుంది. ఒక వంతు మైనాన్ని తురిమి చిన్న గిన్నెలో వేసి, వేడినీళ్ల గిన్నెలో ఉంచి కరిగించండి. స్టవ్ ఆపేసి, గిన్నెని వంటింట్లోంచి బయటికి తెచ్చాకే మూడు వంతుల టర్పెంటైన్ కలపాలి. టర్పెంటైన్ ఆవిరి మంటని దూరం నుంచే అందుకుంటుంది. చల్లారితే వెన్నలాంటి ముద్ద అవుతుంది. గుడ్డతో పల్చగా పట్టించి, అరగంట తర్వాత మెత్తటి గుడ్డతో చెయ్యి వేడెక్కేదాకా రుద్దండి. నెక్‌కి మాత్రం మా వైపు నేను మైనం పెట్టను. అరచేతి వేడికి, మే నెల ఎండకి మైనం మెత్తబడి చేతికి పడుతుంది. విశాఖ నుంచి నెల్లూరు దాకా సముద్రం ఒడ్డున ఉండేవాళ్లందరికీ ఇదే చెబుతాను.

బిగించేటప్పుడు ప్రతి మర మొనకీ కొవ్వొత్తి మైనం రాయండి. టేకు గట్టి చెక్క, పొడి మరని బలంగా తిప్పితే తల తెగి లోపల ఉండిపోతుంది. ముందు ఎర్త్ వైర్ బ్రిడ్జ్ కింద సరిగ్గా పడిందో చూసుకుని, నెక్ గుంతలో టేపు తీసి, నెక్ బిగించి, తర్వాత తీగలు. తీగల బిగువు మారింది కాబట్టి నెక్ వంపు రెండు మూడు రోజుల తర్వాత ఒకసారి చూసుకుని ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) సర్దుకోవాలి.

ఇక ముందు ఈ గిటార్‌కి పెద్ద సేవ అక్కర్లేదు. వాయించాక పొడి గుడ్డతో చెమట తుడవండి. ఏడాదికోసారి, చెయ్యి ఆనే చోట పాలిపోయినట్టు కనిపిస్తే, 400తో తేలిగ్గా రుద్ది ఒక పల్చటి కోటు. పక్క భాగంతో అతుకు కనపడదు. స్ప్రే పాలిష్ మీద ఒక గీత పడితే ఆ భాగమంతా మళ్లీ చేయించుకోవాలి, ఇక్కడ గీత పడ్డ అంగుళం మేర చేసుకుంటే సరిపోతుంది. బాడీకి మైనం పెట్టి ఉంటే ముందు టర్పెంటైన్ గుడ్డతో ఆ మైనం తీసెయ్యండి, మైనం మీద నూనె ఇంకదు.

మిగిలిన నూనె సీసాలో సగానికి దిగిందంటే, పైన ఉన్న గాలికి అది సీసాలోనే మీగడ కట్టడం మొదలవుతుంది. దాన్ని చిన్న గాజు సీసాలోకి ఒంపి, కడిగి ఆరబెట్టిన గోళీలు ఒక్కొక్కటే వేస్తూ నూనె మూతి దాకా వచ్చాక మూత బిగించండి. పైన తేదీ రాసి, పిల్లలకి అందని అరలో పెట్టండి. వచ్చే ఏడాది కోటుకి అదే పనికొస్తుంది.